నాన్నకు రాని పని

మా పక్కింటి లాయ్ కున్‌షాన్‌ను ఊళ్ళో అందరూ కోచ్‌గారు అంటారు. ఆయన ఆడించేది బంతి కాదు, కారు. తైవాన్ దక్షిణాన ఉన్న మా ఛావ్‌జౌ ఊరి చివర, అరటి తోటల పక్కన ఒక డ్రైవింగ్ స్కూలుంది. ఆయన ఎన్నో ఏళ్ళుగా అక్కడ పక్కసీట్లో కూర్చుని జనానికి కారు నేర్పుతున్నాడు. మా ఊళ్ళో లైసెన్సు ఉన్నవాళ్ళలో సగం మంది ఆయన చేతికింద చెమటలు కక్కినవాళ్ళే. అందులో నేనూ ఉన్నాను.

ఆయన ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. మనం కారును గోడ మీదికి తోలుతున్నా, "కంగారు లేదు. చూపు దూరంగా. చేతులు వదులుగా," అంటాడంతే. అయితే పక్కసీటు కింద ఆయనకోసం వేరే బ్రేకు ఒకటి ఉంటుంది కదా, దాన్ని తొక్కీ తొక్కీ ఆయన కుడికాలికి అదొక జబ్బులా పట్టుకుంది. నేను వేడి సోయాపాల గిన్నె పట్టుకుని ఎదురొచ్చినా సరే, ముఖంలో చలనం ఉండదు గానీ కుడికాలు మాత్రం నేలను గట్టిగా నొక్కుతుంది.

ఇంకో సంగతి. మా ఊళ్ళో ఎనభై దాటిన ముసలమ్మలు కూడా చేపల బజారుకు స్కూటరు మీద పోతారు. కోచ్‌గారు మాత్రం రెండు చక్రాల బండి ఎక్కడు. సందు చివర సోయాసాస్ సీసా కొనాలన్నా కారు తీస్తాడు. ఎవరన్నా అడిగితే, "తనంతట తాను నిలబడలేని బండిని నమ్మి నేనెలా కూర్చునేది?" అంటాడు. రోడ్డు భద్రత గురించి అంత తెలిసిన మనిషి కదా, కాబోలు అనుకునేవాళ్ళం. పెళ్ళికి ముందు కూడా, ఆయన భార్య బీయూన్ స్కూటరు నడుపుతుంటే ఈయన వెనక కూర్చుని తిరిగేవాడు. ఆడపిల్లకు పగ్గాలిచ్చిన మగవాడని అప్పట్లో మా అమ్మ తెగ మెచ్చుకుంది.

ఆ ఏడు మే నెలలో కరోనా జబ్బు ఊరి మీదికి వచ్చిపడింది. బడులు మూశారు, డ్రైవింగ్ స్కూలు మూశారు. నా టిఫిను కొట్టులో బల్లలు ఎత్తేసి పొట్లాలు మాత్రమే అమ్ముకోమన్నారు. బీయూన్ పనిచేసేది మందుల కొట్లో. అక్కడ మాస్కుల కోసం బారులు తీరిన జనం, ఆమెకు భోజనానికి కూడా తీరిక లేదు. ఇంట్లో మిగిలింది కోచ్‌గారూ, నాలుగో తరగతి చదివే కూతురు రుయ్‌చీ, ఒకటో తరగతి కొడుకు కైలె.

"జువాంగ్ అక్కా, ఇన్నేళ్ళుగా నేర్పడమే నా వృత్తి. ఇద్దరు పిల్లలు నాకో లెక్కా?" అన్నాడు మొదటిరోజే నా కొట్టు ముందు నిలబడి.

"మీ కార్లో ఒకసారి ఒకళ్ళే కూర్చుంటారు కదా కోచ్‌గారూ, అదీ బెల్టు కట్టుకుని," అన్నాను.

ఆయన నవ్వలేదు.

మిగతా రోజుల్లో టీచరు తెరమీద కనిపించి పాఠం చెప్పేది కాబట్టి బండి ఎలాగో నడిచింది. బుధవారంతో వచ్చింది అసలు చిక్కు. ఆ రోజు పిల్లలు తెర ముట్టుకోకూడదని, ఇంట్లోనే చేతుల్తో చేసి నేర్చుకోవాలని ఝెంగ్ టీచరమ్మ తీర్మానించింది. రెండు తరగతులకూ కలిపి ఒకటే వరుస పనులు. పొద్దున్నే తల్లిదండ్రుల ఫోన్లకు అవి వచ్చేవి. మా రెండిళ్ళకూ ఒకటే గోడ, ముందు గదులకు పైకి చుట్టే ఇనుప తలుపులు. ఎండాకాలం అవి ఎత్తే ఉంటాయి. కాబట్టి ఆ బుధవారం వాళ్ళింట్లో జరిగినదంతా నాకు కొనకుండా వచ్చిన నాటకమే.

మొదటి పని, ఇంట్లో ఉన్న వస్తువుల్ని మీ జానతో కొలవండి అని. కైలె బల్ల కొలిచి తొమ్మిది జానలన్నాడు. రుయ్‌చీ కొలిచి ఏడన్నది. ఇద్దరికీ గొడవ మొదలైంది. కోచ్‌గారు వెళ్ళి ఉక్కు టేపు పట్టుకొచ్చాడు.

"రెండూ తప్పే. బల్ల నూట ఇరవై సెంటీమీటర్లు. ఇలాంటివి ఉజ్జాయింపున చెప్పకూడదు. బెత్తెడు తేడా వచ్చిందంటే బంపరు గోడకు తగులుతుంది."

"ఇది బల్ల నాన్నా, ఎక్కడికీ పోదు," అంది రుయ్‌చీ. "ఎవరి జాన ఎంతో, ఎందుకు తేడా వచ్చిందో మేమే కనుక్కోవాలట. నువ్వు చెప్పేశావు."

"తప్పు జవాబు రాసి పంపిస్తామా?"

"తప్పు కాదు, నా చెయ్యి చిన్నది!" అని కైలె అరిచాడు.

కోచ్‌గారు టేపు చుట్టేశాడు. ఆ తర్వాత తనుకూడా జానపెట్టి బల్ల కొలవడం నేను గోడ పక్కనుంచి తొంగిచూశాను. ఆరు వచ్చింది. ఎవరూ చూడలేదనుకుని ఇంకోసారి కొలిచాడు.

తర్వాత ఒక పాఠాన్ని ఇంట్లోనివాళ్ళు కాని ఒక పెద్దమనిషికి గట్టిగా చదివి వినిపించాలి. ఆ పెద్దమనిషిని నేనే. కైలె కుర్చీ తెచ్చుకుని నా కొట్టు ముందు వేసుకుని, నత్త ఇల్లు మారిన కథ ఎత్తుకున్నాడు. తండ్రి వెనకాలే నిలబడ్డాడు.

"నత్త కొత్త ఇంటికి బయలుదేరింది దారిలో దానికి..."

"ఆగు. అక్కడ చుక్క ఉంది. చుక్క దగ్గర పూర్తిగా ఆగాలి. నెమ్మదించడం కాదు, ఆగడం."

"నత్త కొత్త ఇంటికి బయలుదేరింది." కైలె ఆగాడు. అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడు పోవచ్చా?"

"పో."

అలా ఆ నత్త ప్రతి చుక్క దగ్గరా ఆగి, దారి చూసుకుని, మళ్ళీ కదిలి, కొత్తిల్లు చేరేసరికి నేను కోసిపెట్టుకున్న ఉల్లికాడలు వాడిపోయాయి.

వంట పని కూడా ఒకటుంది. పిల్లలు పెద్దల సాయంతో ఏదన్నా ఒకటి వండాలి. మా వైపు ఎండాకాలమంటే పెసల పాయసమే, చల్లార్చి గిన్నెలు గిన్నెలు తాగుతాం. కోచ్‌గారు వంటింటి నేలమీద పసుపు టేపు గీతలా అంటించి, పిల్లలిద్దర్నీ గీత ఇవతల నిలబెట్టాడు. నానబెట్టింది ఆయన, పొయ్యి వెలిగించింది ఆయన, కలిపింది ఆయన. పిల్లల పనల్లా ఆయన గిన్నె పట్టుకుని తిరిగినప్పుడల్లా "ఎడమ ఖాళీ! కుడి ఖాళీ!" అని కేకేయడం. గోడ ఇవతల నాకు అది రైల్వే స్టేషనులా వినిపించింది.

"మేము వండామని రాయాలా?" రుయ్‌చీ అడిగింది.

"సాయం చేశారని రాయి."

"సాయం నువ్వు చెయ్యాలట నాన్నా. వండేది మేము."

ఆయన గరిటె దించి ఆలోచించాడు. ఆ తర్వాత పంచదార వెయ్యడానికి మాత్రం ఒక్కొక్కర్నీ గీత దాటనిచ్చాడు, ఒకరి తర్వాత ఒకర్ని.

మధ్యాహ్నం నాకో గిన్నె పాయసం తెచ్చిచ్చి, ముగ్గురూ నా కొట్టు ముందరి నీడలో కూలబడ్డారు. రుయ్‌చీ ఫోను తీసి చివరి పని చదివింది.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళకు రాని పని ఏదో ఒకటి మీరు వాళ్ళకు నేర్పండి. నేర్పుతుండగా చిన్న వీడియో తీసి పంపండి." తలెత్తి తండ్రిని చూసింది. "నాన్నా, నీకేం రాదు?"

కోచ్‌గారు కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికాడు. తనలో ఏదో ఒక లోటు దొరక్కపోతుందా అని నిజాయితీగానే వెతికినట్టు కనిపించింది.

"ఏమో. చూడాలి," అన్నాడు చివరికి.

"పిల్లనగ్రోవి ఊదడం నేర్పనా?"

"అది చప్పుడు. పక్కవాళ్ళకి ఇబ్బంది."

"నాకేం ఇబ్బంది లేదు," అన్నాను.

"కాగితంతో కప్ప?"

"అది నాకొచ్చు. చేసి చాలా కాలమైందంతే."

"తాడాట?"

"మోకాలు."

కైలె అప్పటిదాకా గిన్నె అడుగు నాకుతున్నాడు. ముక్కుకు పాయసం అంటించుకుని తల పైకెత్తాడు. "నాన్నా, నువ్వు సైకిలు తొక్కడం నేనెప్పుడూ చూళ్ళేదు."

కోచ్‌గారి కుడికాలు నేలను నొక్కింది.

నా చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. ఇన్నేళ్ళ పక్కిల్లు. ఆయన స్కూటరెక్కడని తెలుసు, సైకిలు తొక్కగా చూడలేదనీ తెలుసు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసే బుద్ధి నాకెప్పుడూ పుట్టలేదు. ఏడేళ్ళవాడికి పుట్టింది.

"రాకపోవడం కాదు. ఇష్టం లేదు," అన్నాడు కోచ్‌గారు.

"అయితే ఒక్కసారి తొక్కి చూపించు. అప్పుడు వేరేది వెతుక్కుంటాం," అంది రుయ్‌చీ. ఆ పిల్లది తల్లి పోలిక. మందుల కొట్లో చీటీ లేకుండా మాత్రలడిగినవాడి వంక బీయూన్ అలాగే చూస్తుంది.

నేను లోపలికి వెళ్ళి, కూరగాయలకు వేసుకెళ్ళే నా బుట్ట సైకిలు బయటికి తీసి ఆయన ముందు నిలబెట్టాను. మహా సాయం చేసినదాన్ని అనుకోండి.

ఆయన దాన్ని చూశాడు. దాని చక్రాల్ని చూశాడు. సందు అటు చివరా ఇటు చివరా చూశాడు. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

చిన్నప్పుడు అన్నయ్య ఆయన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద తీసుకెళ్ళాడట. ఇద్దరూ కాలవలో పడ్డారు. నీళ్ళు మోకాటి లోతే, ఎవరికీ ఏమీ కాలేదు, ఒక చెప్పు మాత్రం కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఆయన సైకిలు ముట్టలేదు. తోటివాళ్ళంతా సైకిళ్ళ మీద బడికి పోతుంటే, తనకు నడకంటే ఇష్టమని చెప్పి నడిచాడు. అలా చెప్పీ చెప్పీ పెద్దవాడయ్యాడు.

"ఏడేళ్ళప్పుడు నేర్పమని అడగొచ్చు అక్కా. పదిహేడేళ్ళు వచ్చాక ఎవర్ని అడుగుతాం? ఆ తర్వాత ఇక కోచ్‌నయ్యాను."

"బీయూన్‌కి తెలుసా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

"ఇప్పుడు నాకు తెలుసు," అన్నాడు కైలె, సంతోషంగా.

సందులో నేర్చుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. ఇంటింటి ముందూ ఎవరో ఒక ముసలాయన కుర్చీ వేసుకుని ఉంటాడు, అందరికీ ఆయన కోచ్‌గారే. బ్యాటరీలు చచ్చిపోకుండా రోజు మార్చి రోజు కార్లు స్టార్టు చేసి చూడడానికి డ్రైవింగ్ స్కూలు తాళంచెవి ఆయన దగ్గరుంది. అక్కడికి పోదామన్నాడు. పిల్లలు ఆయన కార్లో వెళ్ళారు. సైకిలు నాది కాబట్టి దాన్ని తొక్కుకుంటూ నేను వెళ్ళాను. కొట్టు ఎవరు చూసుకుంటారని అడక్కండి. ఆ రోజుకు మూసేశాను. వారం బేరం పోయినా ఆగేదాన్ని కాదు.

స్కూలు మైదానంలో పిట్ట లేదు. తెల్ల కార్లన్నీ దుప్పట్లు కప్పుకుని వరసగా పడుకున్నాయి. వంకర దారీ, వెనక్కి నడిపి పెట్టే గళ్ళూ, పరీక్షలో ఎత్తు ఎక్కించే దిబ్బా, అన్నీ ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. అక్కడ చక్రం గీత తొక్కిందంటే గంట మోగుతుంది. ఆ గంట చప్పుడుకు నేను మూడుసార్లు పరీక్ష తప్పాను. ఇప్పటికీ మా ఇంటి కాలింగ్ బెల్ మోగితే నాకు గుండె దడే.

రుయ్‌చీ పంతులమ్మ అయిపోయింది. ముందు చక్రాల గాలి చూడమంది. బ్రేకులు చూడమంది. కైలె తన హెల్మెట్ తీసి తండ్రి నెత్తిన పెట్టాడు. అది అంత పెద్ద తలమీద కొబ్బరిచిప్పలా కూర్చుంది. ఇస్త్రీ మడత చెడని పాంటుతో, జేబులో పెన్నుతో, కోచ్‌గారు నా బుట్ట సైకిలు ఎక్కాడు. పిల్ల వెనక పట్టుకుంది, కైలె ఫోను పట్టుకున్నాడు.

"కంగారు లేదు నాన్నా. చూపు దూరంగా."

"దూరంగా చూస్తే దగ్గరున్నది కనబడదే!"

"నువ్వు అందరికీ చెప్పేది అదే కదా?"

"కారుకి!"

"చేతులు వదులుగా," అని కైలె అందించాడు.

రెండు గజాలు పోయి పడ్డాడు. లేచాడు. ఇంకాస్త పోయి ఇంకోవైపు పడ్డాడు. పాంటు మడత ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఇంతలో కైలె స్కూలు ఆఫీసు గది తలుపు తెరిచి ఉండటం చూసి లోపలికి దూరి, "నిజం పరీక్షలా ఉండాలి" అని గంటల స్విచ్చు వేశాడు. ఈసారి కోచ్‌గారి చక్రం పక్కకు జారి గీత ఎక్కగానే గంట గణగణమంది. ఆయన అదిరిపడి కింద కూలబడ్డాడు. నేనూ అదిరిపడ్డాను, నేను నిలబడి ఉన్నా కూడా.

"ముందుకు చూడమన్నానా! ఎన్నిసార్లు చెప్పాలి!" రుయ్‌చీ అరిచేసింది.

"అక్కా, అరవకూడదు," అన్నాడు కైలె. "కోచ్‌లు అరవరు."

రుయ్‌చీ ముఖం ఎర్రబడింది. కోచ్‌గారు సిమెంటు గట్టుమీద కూర్చుని మోచేయి చూసుకుంటున్నాడు. ఇక చాలంటాడనే అనుకున్నాను. ఆయన కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"అరవకుండా ఉండటం తేలికనుకున్నావా? నేను లోపల అరుస్తూనే ఉంటాను. ఇన్నేళ్ళుగా రోజూ. జువాంగ్ అత్త నేర్చుకున్నప్పుడైతే మరీను."

రుయ్‌చీ పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంతకాలం ఆ మనిషి నా డ్రైవింగును మెచ్చుకుంటున్నాడనే భ్రమలో ఉన్నాను.

"నాన్నా, నిజంగా వద్దనుకుంటే వద్దులే. కాగితం కప్ప చేసుకుందాం," అంది పిల్ల, మెల్లగా.

ఆయన మైదానం వంక చూశాడు. లేచి, సైకిలు ఎత్తి నిలబెట్టి, "పట్టుకో," అన్నాడు.

అసలు సంగతి అప్పుడు జరిగింది. రుయ్‌చీ తోసింది. బండి ఊగింది. కోచ్‌గారికి భయం వేసింది. భయం వేస్తే ఆయన ఏం చేస్తాడు? కుడికాలు గట్టిగా నొక్కుతాడు. కారులో అయితే అక్కడ బ్రేకు ఉంటుంది. సైకిలుకు అక్కడున్నది పెడలు. బండి ముందుకు ఉరికింది. ఉరకగానే ఇంకా భయం వేసింది, ఇంకా గట్టిగా నొక్కాడు. పిల్ల చెయ్యి ఎప్పుడో వదిలేసింది. పడితే పడాల్సిన బండి, ఆ వేగానికి పడటం మరిచిపోయి, మైదానం మధ్యలో నిట్టనిలువుగా పోతోంది.

"పోతున్నావు నాన్నా! పోతున్నావు!"

"ఆపడం ఎలా?" ఆ అరుపు మాత్రం లోపలిది కాదు, అరటి తోటల అవతలికి వినిపించి ఉంటుంది. ఆపడం మేమెవ్వరం చెప్పనేలేదు.

దారిలో ఉన్న గీతలన్నీ తొక్కాడు, గంటలన్నీ మోగాయి. చివరికి బండి ఎత్తు దిబ్బ మీదికెక్కి, సగం దూరం పోయి, వేగం చచ్చి, ఒక్క క్షణం అలా నిలబడి, పక్కనున్న నూరువరహాల పొదలోకి నింపాదిగా ఒరిగింది. మేం పరిగెత్తేసరికి ఆయన ఎర్రటి పూల మధ్య వెల్లకిలా పడుకుని, చొక్కా జేబులో పెన్నుందో లేదో చూసుకుంటున్నాడు.

"ఎంత దూరం వచ్చాను?" అని అడిగాడు.

"ఇక్కడిదాకా!" కైలె ఫోను ఊపుతూ వచ్చాడు. "అంతా తీశాను నాన్నా. పంపేశాను కూడా."

"టీచరుకా?"

"టీచరుండే చోటికి."

టీచరుండే చోట, అంటే ఫోన్లోని బడి గ్రూపులో, రెండు తరగతుల తల్లిదండ్రులూ ఉంటారు. కోచ్‌గారు పొదలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. దెబ్బలు తగిలి కాదు.

ఇంటికి చేరేలోపలే ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆ తల్లిదండ్రుల్లోనూ సగం మంది ఆయన శిష్యులే. ఇన్నేళ్ళ బాకీ తీర్చుకోవడానికి వాళ్ళకు ఇంతకంటే మంచిరోజు దొరకదు.

"కోచ్‌గారూ, గీత తొక్కారు. మార్కులు కోత."

"ఎత్తుమీద బండి వెనక్కి జారలేదు, అది మెచ్చుకోవాలి. పక్కకు పడింది."

"పొదలోకి తిరిగేముందు సిగ్నలు వెయ్యలేదండీ."

"సర్, నన్ను నాలుగుసార్లు తప్పించారు. గుర్తుందా? నాకు బాగా గుర్తుంది."

రుయ్‌చీ ఒక్కొక్కటే పైకి చదువుతుంటే, ఆయన నా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని, మోచేతికి నేను రాసిన మందు ఆరబెట్టుకుంటూ వింటున్నాడు. ముఖం మామూలుగానే ఉంది. చెవులు మాత్రం నూరువరహాలంత ఎర్రగా ఉన్నాయి.

సాయంత్రం బీయూన్ వచ్చింది. వీడియో ఆమెకు మందుల కొట్లోనే చేరిందట. స్కూటరు స్టాండు వేసి, హెల్మెట్ తీసి, మొగుడి మోచెయ్యి చూసి, ముఖం చూసి, నా కొట్టు గోడకు ఆనుకుని నవ్వుతూ అలాగే కిందికి జారిపోయింది.

"నీకు ముందే చెప్పాల్సింది," అన్నాడు కోచ్‌గారు తల దించుకుని.

"ఏం చెప్తావు? నాకు తెలీదా?" కళ్ళు తుడుచుకుంది. "మనం తిరిగే రోజుల్లో స్కూటరు తాళం నీకిస్తే నా చేతికే తిరిగిచ్చి, నువ్వు బండి నడిపే తీరు మీద నాకు నమ్మకం అన్నావు. మొదటి మలుపులో నా నడుం పట్టుకున్న పట్టుకే అర్థమైపోయింది, అది నమ్మకం కాదని."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"అడిగితే పౌరుషానికి పోయి ముందు కూర్చుంటావేమోనని భయం."

ఆ మాటకు ఆయనక్కూడా నవ్వొచ్చింది. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వడం పిల్లలు వింతగా చూశారు. తర్వాత ఫోను తీసుకుని, రెండు వేళ్ళతో మెల్లగా కొట్టి, అందరికీ జవాబు పంపాడు: "గీతలు తొక్కిన మాట నిజం. మళ్ళీ పరీక్షకు వస్తాను. లాయ్ కున్‌షాన్."

దాంతో వెక్కిరింతలు ఆగాయి. మొదట ఒక తండ్రి, తనకు ఈత రాదనీ, పిల్లల్ని వాగు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడల్లా జలుబని చెబుతున్నాననీ రాశాడు. ఒక తల్లి తనకు గడియారంలో ముళ్ళు చూడటం తికమకేనని రాసింది. నాలుగుసార్లు తప్పినాయన తనకు ఈల వెయ్యడం రాదన్నాడు. ఝెంగ్ టీచరమ్మ ఆఖర్న వచ్చి, నేర్పిన ఇద్దరికీ మూడేసి నక్షత్రాలు, నేర్చుకున్నవారికి ఒకటి, ఆపడం వచ్చాక మిగతావి అని తీర్పు చెప్పింది.

ఆ వేసవంతా ఆయన ఎండెక్కకముందే లేచి సందులోనే తొక్కాడు. ఇక దాచేదేముంది? కుర్చీల్లోని ముసలాళ్ళు ఆయన వస్తుంటే కాళ్ళు లోపలికి లాక్కునేవారు. ఆపడం పది రోజులకు వచ్చింది. నా సైకిలు మాత్రం తిరిగి రాలేదు. బుట్టలో ఆయన నీళ్ళసీసా, చెమట తువ్వాలు స్థిరపడిపోయాయి. అడగడానికి నాకే మొహమాటమేసి, కూరగాయలకు నడుస్తున్నాను. బీయూన్ దగ్గర ఆ మాటంటే, "నడక ఒంటికి మంచిది వదినా, ఆయన చిన్నప్పుడు అదే కదా చెప్పేవాడు," అంది.

డ్రైవింగ్ స్కూలు తెరిచాక శిష్యుల్లో తేడా కనిపించిందట. గీత తొక్కి గంట మోగినప్పుడు వాళ్ళు ఏడవటం మానేసి ఆయన వంక చూస్తున్నారట, చిన్నగా నవ్వుతూ. ఆయన కూడా, "ఫర్వాలేదు, పొద దాకా పోలేదు కదా," అంటున్నాడని విన్నాను. నాకలా చెప్పి ఉంటే మూడుసార్లు తప్పేదాన్ని కాదు.

సెప్టెంబరులో బడులు తెరిచారు. రుయ్‌చీ స్నేహితురాళ్ళతో వెళ్ళిపోతుంది. కైలెకు తోడు తండ్రి. ఇద్దరూ చెరో సైకిలూ వేసుకుని, బడి గంటకు చాలా ముందే బయలుదేరతారు. సందు చివర ఎడమకు తిరిగితే బడి ఎదురుగానే కనిపిస్తుంది. వీళ్ళు మాత్రం కుడికి తిరిగి, బజారు చుట్టి, చేపల దుకాణాల వెనకనుంచి, మళ్ళీ కుడికి తిరిగి, మళ్ళీ కుడికి తిరిగి, ఎక్కడో అవతలి వైపునుంచి బడికి చేరతారు.

ఒకరోజు ఝెంగ్ టీచరమ్మ నా దగ్గర టిఫిను కట్టించుకుంటూ నవ్వు ఆపుకోలేక చెప్పింది. ఇంత దగ్గర ఇంటినుంచి అంత పొద్దున్నే ఎందుకు బయలుదేరుతున్నారని కైలెను అడిగిందట.

వాడు గొంతు తగ్గించి, చుట్టూ చూసి చెప్పాడట: "మా నాన్నకి ఇంకా కుడికి తిరగడమే వచ్చండీ. ఎడమ వచ్చే వారం నేర్పుదామనుకుంటున్నాను."